కౌమారుల మానసిక చికిత్స: ఎదురుగా కూర్చునా, ఫోన్‌లోనా? సూరత్ తెలుగు పిల్లల వైపు నుంచి ఒక చరిత్ర

ఈ వారం వ్యాస సాధనకు తీసుకున్న అంశం జీఎస్-1లో సమాజానికి, జీఎస్-2లో ఆరోగ్యానికి, కొంతవరకు ఎథిక్స్‌కు కూడా పనికొస్తుంది. దీని మీద నేను చదివిన సాధన వ్యాసాలు దాదాపు అన్నీ ఒకేలా మొదలవుతాయి. 2020లో లాక్‌డౌన్ వచ్చింది, థెరపీ ఆన్‌లైన్‌లోకి మారింది, ఇవి లాభాలు, ఇవి నష్టాలు, రెండూ కలిపిన హైబ్రిడ్ విధానమే శరణ్యం. ఇలా రాస్తే దిద్దేవారికి ఆ రోజు చదివిన నలభయ్యో కాగితానికీ మనదానికీ తేడా కనిపించదు.

చరిత్ర చూస్తే విషయం వేరుగా ఉంది. దూరం నుంచి వైద్యం చేయడం పిల్లల మానసిక చికిత్స పుట్టిన నాటి నుంచే ఉంది. అది ఎక్కడ నిలబడింది, ఎక్కడ కూలింది అని వెతికితే మూడు ప్రశ్నలు పదే పదే ఎదురవుతాయి. పిల్లవాడి భాష తెలిసిన మనిషి అవతల ఉన్నారా? మాట్లాడుకోవడానికి చాటు ఉందా? వచ్చే వారం అదే మనిషి మళ్లీ దొరుకుతారా? తెర, కుర్చీ అన్న తేడా ఈ మూడింటి తర్వాతే వస్తుంది. మా ఊరు సూరత్ కాబట్టి, ఇక్కడి తెలుగు పిల్లల దగ్గర నిలబడి ఈ చరిత్రను చూస్తాను.

ఉత్తరాలతో మొదలైన వైద్యం

1909లో ఫ్రాయిడ్ ఒక ఐదేళ్ల వియన్నా పిల్లవాడి కేసు ప్రచురించాడు. పిల్లవాడికి గుర్రాలంటే భయం, వీధిలోకి రావడానికే జంకేవాడు. వైద్య సాహిత్యంలో 'లిటిల్ హాన్స్' అన్న మారుపేరుతో ఉంటాడు. ఈ కేసులో మనం గమనించాల్సింది సిద్ధాంతం కాదు, వైద్యం నడిచిన తీరు. పిల్లవాడితో మాట్లాడింది తండ్రి. ఆయన విన్నదంతా రాసి పంపితే ఫ్రాయిడ్ సలహాలు ఇచ్చేవాడు. ఆ చికిత్స మొత్తంలో ఫ్రాయిడ్ పిల్లవాణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడింది ఒక్కసారే. అంటే పిల్లల మనోవిశ్లేషణలో మొదటి ప్రసిద్ధ కేసు నేటి భాషలో చెప్పాలంటే 'రిమోట్'.

దీని పక్కన ఇంకో కేసు పెట్టండి. 1900 చివరలో ఫ్రాయిడ్ దగ్గరికి పద్దెనిమిదేళ్ల అమ్మాయిని ఆమె తండ్రి తీసుకొచ్చాడు. 'డోరా' అన్న పేరుతో 1905లో ఈ కేసు అచ్చయింది. ఇది పూర్తిగా ఎదురెదురు వైద్యం. పదకొండు వారాలకు ఆ అమ్మాయి తనంతట తానే మానేసి వెళ్లిపోయింది. తండ్రి స్నేహితుడు తనతో అనుచితంగా ప్రవర్తించాడని ఆమె చెప్పింది. ఫ్రాయిడ్ ఆమె చెప్పినదాన్ని అబద్ధం అనలేదు గానీ, ఆమె మాటకంటే తన వ్యాఖ్యానానికే ఎక్కువ విలువ ఇచ్చాడు. ఆ తర్వాత వచ్చిన విమర్శలో ఎక్కువ భాగం దీని మీదే. ఒకే వైద్యుడు, ఒకే ఊరు. ఉత్తరాలతో సాగిన పసివాడి చికిత్స ముగింపుకు చేరింది, ఎదురుగా కూర్చున్న కౌమార బాలిక లేచి వెళ్లిపోయింది. ఐదేళ్లవాడికి తండ్రి మధ్యలో ఉన్నా సరిపోయింది. పద్దెనిమిదేళ్ల అమ్మాయికి తండ్రి తీసుకొచ్చాడన్నదే మొదటి అడ్డంకి. కౌమారం ఎందుకు ప్రత్యేకమో చెప్పడానికి ఇంతకంటే మంచి జంట ఉదాహరణ నాకు దొరకలేదు.

మన దేశానికి ఈ విద్య వచ్చింది కూడా టపాలోనే. కలకత్తా వైద్యుడు గిరీంద్రశేఖర్ బోస్ 1921లో తన పరిశోధన గ్రంథాన్ని ఫ్రాయిడ్‌కు పంపాడు. 1922లో ఇండియన్ సైకోఎనలిటికల్ సొసైటీ ఏర్పడింది. వాళ్లిద్దరి ఉత్తరాలు 1937 దాకా సాగాయి, కానీ ఎన్నడూ కలుసుకోలేదు. బోస్ ఆ ఉత్తరాల్లో ఒక అభ్యంతరం లేవనెత్తాడు: వియన్నా రోగుల్లో కనిపించిన భయాలు బెంగాలీ రోగుల్లో అదే రూపంలో కనిపించడం లేదని. మనసుకు భాష, ఊరు, ఇంటి పద్ధతి ఉంటాయన్న మాట అక్కడే పడింది. దీన్ని గుర్తుంచుకోండి, సూరత్ దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

టెలిఫోన్, టీవీ

1953లో లండన్‌లో చాడ్ వారా అనే చర్చి ఫాదర్ ఒక టెలిఫోన్ పెట్టుకుని, చావాలనిపించిన వాళ్లు నాకు ఫోన్ చేయండి అన్నాడు. సమారిటన్స్ అలా పుట్టింది. దాని వెనుక ఒక పాత బాధ ఉంది. ఆయన చర్చి సేవలో చేరిన కొత్తలో చేసిన మొదటి అంత్యక్రియలు ఒక కౌమార బాలికవి. మొదటిసారి నెలసరి వచ్చినప్పుడు అదేదో చెడు రోగం అనుకుని ఆ పిల్ల ప్రాణం తీసుకుంది. అడగడానికి ఆమెకు మనిషి లేకపోయారు. హెల్ప్‌లైన్ చరిత్ర మొదట్లోనే ఒక కౌమారి ఉందన్నది మన వ్యాసాల్లో ఎవరూ రాయరు.

1959లో అమెరికాలోని నెబ్రాస్కాలో సెసిల్ విట్సన్ బృందం రెండు వైపులా కనిపించే టీవీ ద్వారా మానసిక చికిత్స ప్రయత్నించింది. 1964లో అక్కడికి 112 మైళ్ల దూరంలోని నార్‌ఫోక్ ఆసుపత్రితో ఆ లింకు కలిపారు. కారణం సాదా: అక్కడ నిపుణులు లేరు. 1986లో బ్రిటన్‌లో పిల్లల కోసం చైల్డ్‌లైన్ వచ్చింది. మన 1098 పదేళ్ల తర్వాత, 1996లో, ముంబైలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ ప్రాజెక్టుగా మొదలైంది. 1098 ప్రత్యేకత ఫోన్ కాదు. ఫోన్ ఎత్తాక ఒక మనిషి నడిచి ఆ పిల్లవాడి దగ్గరికి వెళ్లడం. ఫోన్, మనిషి ఒకే గొలుసులో రెండు లంకెలు.

గోడల నుంచి జిల్లాకు

మన దగ్గర మానసిక వైద్యం అంటే చాలాకాలం ప్రహరీ గోడే. అహ్మదాబాద్ మానసిక వైద్యశాల 1863 నాటిది, విశాఖ వాల్తేరుది 1871 నాటిది. హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రి పేరు తెలుగులో తిట్టుగానే స్థిరపడిపోయింది. "వీణ్ని ఎర్రగడ్డకు తోలాలి" అన్న మాట వెయ్యి కిలోమీటర్ల అవతల మా సూరత్ గల్లీల్లో కూడా వినపడుతుంది. ఎర్రగడ్డ ఎక్కడుందో తెలియని పిల్లలు కూడా అంటారు. ఒక ఆసుపత్రి పేరు ఆసుపత్రికంటే దూరం ప్రయాణించింది.

చట్టాల వరుస ప్రిలిమ్స్‌కు అందరికీ వచ్చిందే: 1858, 1912 లూనసీ చట్టాలు, 1987 మానసిక ఆరోగ్య చట్టం, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. 1950ల్లో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆసుపత్రి ఆవరణలోనే గుడారాల్లో ఉంచి వైద్యంలో భాగం చేశాడు. 1980ల్లో నిమ్హాన్స్, తెలుగువాళ్లు బాగా ఉన్న బళ్లారి జిల్లాలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకే శిక్షణ ఇచ్చి చూసింది. ఆ నమూనాతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నాలుగు జిల్లాల్లో మొదలైంది. వాటిలో ఒకటి మన మెదక్. మరొకటి రాజస్థాన్‌లోని సీకర్. ఈ సీకర్ పేరు పక్కన పెట్టుకోండి.

ఈ మొత్తం వరుసలో కౌమారులు ఎక్కడ? దాదాపు లేరు. పిల్లల డాక్టరుకు పెద్దవాళ్లు, పెద్దల డాక్టరుకు పిల్లలు. 2014 జనవరి 7న మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10 నుంచి 19 ఏళ్లవారిని ఒక వర్గంగా తీసుకుని, మానసిక ఆరోగ్యాన్ని ఆరు ప్రాధాన్యాల్లో ఒకటిగా పెట్టింది. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13-17 ఏళ్లవారిని విడిగా లెక్కించారు. 7.3 శాతం మందిలో ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. గ్రామాల్లో 6.9 శాతం, మహానగరాల్లో 13.5 శాతం. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో గుజరాత్ ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. కాబట్టి తెలుగు కౌమారుల గురించి ఆ సర్వే నుంచి నేరుగా అంకెలు ఎత్తి రాయకండి, చాలామంది రాస్తున్నారు.

పరిశోధనలు ఏం తేల్చాయి

ఆన్‌లైన్ చికిత్స పనికిరాదనేవాళ్లు ముందు 2011లో ఆస్ట్రేలియాలో అచ్చయిన అధ్యయనం చూడాలి. ఆందోళన సమస్య ఉన్న 12-18 ఏళ్ల వయసువారు 115 మందిని తీసుకుని కొందరికి క్లినిక్‌లో, కొందరికి ఇంటర్నెట్‌లో కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఇచ్చారు. ఇంకొందరిని వేచి ఉండే జాబితాలో ఉంచారు. చికిత్స పొందిన రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2012లో న్యూజిలాండ్‌లో స్పార్క్స్ అనే కంప్యూటర్ ఆటను, దిగులుతో సాయం కోరి వచ్చిన 187 మంది కౌమారుల మీద పరీక్షించారు. మామూలు కౌన్సెలింగ్‌కు అది తీసిపోలేదు.

అయితే ఆస్ట్రేలియా కార్యక్రమంలో తెర వెనుక థెరపిస్టు ఉన్నారు. ఈమెయిల్ రాసేవారు, ఫోన్ చేసేవారు. తల్లిదండ్రులకు వేరే సెషన్లు ఉన్నాయి. ఇంట్లో కంప్యూటర్ ఉంది, దాన్ని పెట్టుకోవడానికి ఒక గది కూడా ఉండి ఉంటుంది. ఇంజనీరింగ్ చదివిన బుద్ధితో చెప్పాలంటే, ప్రయోగశాలలో పనిచేసిన సర్క్యూట్ అది. మన వోల్టేజీలో పెట్టి చూడలేదు.

మన వోల్టేజీలో చేసిన రెండు అధ్యయనాలు ఉన్నాయి. బీహార్‌లో 74 ప్రభుత్వ పాఠశాలల్లో జరిగిన సెహర్ అధ్యయనం 2018లో వచ్చింది. ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో శిక్షణ పొందిన బయటి కౌన్సెలర్‌తో, కొన్నింట్లో ఆ బడి టీచర్‌తో నడిపారు. ఆ కౌన్సెలర్లు డిగ్రీలున్న సైకాలజిస్టులు కారు, మామూలు స్థానికులు. కౌన్సెలర్ ఉన్న బడుల్లో మంచి ఫలితం కనిపించింది. టీచర్ నడిపిన బడుల్లో ఏమీ రాలేదు. పాఠం అదే, బడి అదే, రెండూ ఎదురెదురే. మనిషి మారితే ఫలితం మారింది. రెండోది ఢిల్లీలో ఆరు ప్రభుత్వ బడుల్లో 250 మంది పిల్లలతో చేసినది, 2020లో వచ్చింది. మూడు వారాల్లో నాలుగైదు చిన్న సెషన్లు, కౌన్సెలర్లు మామూలు గ్రాడ్యుయేట్లు. పిల్లలు తమకు తాముగా చెప్పుకున్న సమస్యల తీవ్రత తగ్గింది. సాధారణ లక్షణాల కొలతలో ఆరు వారాలకు మాత్రం స్పష్టమైన తేడా రాలేదు. ఈ రెండో వాక్యం కూడా రాయండి. సగం ఫలితం రాస్తే అది వ్యాసం కాదు, ప్రకటన.

మగ్గాల ఊళ్లో

సూరత్ అంటే పాఠ్యపుస్తకాల్లో ఈస్టిండియా కంపెనీ ఫ్యాక్టరీ, 1907 కాంగ్రెస్ చీలిక, 1994 ప్లేగు. మాకు మాత్రం పవర్‌లూమ్. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి పద్మశాలీ కుటుంబాలు చేమగ్గం కూడు పెట్టక తరాలుగా ఇటు వస్తూనే ఉన్నాయి. లింబాయత్, ఉధ్నా, డిండోలి వైపు తిరిగితే దుకాణాల బోర్డుల మీద తెలుగు కనిపిస్తుంది. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ నడిపే ప్రాథమిక బడుల్లో గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. తెలంగాణకు ఇంత దూరంలో ఒక నగర పాలక సంస్థ తెలుగులో బడులు నడపడం చిన్న విషయం కాదు, ఫెడరలిజం జవాబులో వాడుకోవచ్చు.

నేనూ అలాంటి బడిలోనే చదివాను. ఎనిమిదో తరగతి అయ్యాక మాలో చాలామంది హిందీకో, ఇంగ్లీషుకో, గుజరాతీకో మారాం. సరిగ్గా పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో. మానసిక సమస్యల్లో సగం పద్నాలుగేళ్లలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వయసు, మా పిల్లలకు తరగతి గదిలో భాష పోయే వయసు ఒకటే.

ఇప్పుడు మూడు ప్రశ్నలు వేద్దాం. మొదటిది భాష. నగరంలో ప్రభుత్వ వైద్యకళాశాలకు చెందిన న్యూ సివిల్ హాస్పిటల్, కార్పొరేషన్‌కు చెందిన స్మిమేర్ ఉన్నాయి. రెండింటిలోనూ సైకియాట్రీ విభాగాలున్నాయి. అక్కడ మాట గుజరాతీ, హిందీ. జ్వరానికి ఆ హిందీ సరిపోతుంది. మా ఇళ్లలో పిల్లలు "పానం మంచిగ లేదు" అంటారు. అది జ్వరం కావచ్చు, దిగులు కావచ్చు, బడికి పోబుద్ధి కాకపోవడం కావచ్చు. తెలుగు చెవి ఉన్న మనిషి వెంటనే "పానమా, మనసా?" అని అడుగుతారు. హిందీలోకి మారేటప్పటికి అది "తబియత్ ఖరాబ్" అవుతుంది, చేతికి మాత్రల చీటీ వస్తుంది. బోస్ వియన్నాకు రాసిన అభ్యంతరం ఇక్కడ ఓపీ క్యూలో నిలబడి ఉంది.

ఇక్కడ ఆన్‌లైన్‌కు నిజమైన బలం ఉంది. వరంగల్‌లోనో హైదరాబాద్‌లోనో ఉన్న తెలుగు థెరపిస్టు గొంతు లింబాయత్‌కు రావాలంటే ఫోన్ తప్ప దారి లేదు. వలస కుటుంబాలకు ఆన్‌లైన్ అంటే సౌకర్యం కాదు, భాష. పుస్తకాల్లో "దూరం తగ్గిస్తుంది" అని రాస్తారు. సూరత్‌లో పెద్దాసుపత్రి ఆటో దూరమే. దూరంగా ఉన్నది తెలుగు.

2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ-మానస్ ఇందుకు సరిపోవాలి. 14416కు కాల్ చేస్తే శిక్షణ పొందిన కౌన్సెలర్ ఎత్తుతారు, అవసరమైతే పై అంచెలో నిపుణులకు, అక్కడి నుంచి జిల్లా వైద్యులకు పంపుతారు. నిమ్హాన్స్ దీనికి కేంద్రం. 20 భాషల్లో సేవ ఉంది. ఆ భాషలు రాష్ట్రాలు ఎంచుకున్నవి. ఈ చివరి వాక్యంలోనే సమస్య ఉంది. భాషను రాష్ట్రాన్ని బట్టి లెక్కగడితే, గుజరాత్‌లో ఉన్న తెలుగు పిల్ల, తమిళనాడులో ఉన్న ఒడియా కుర్రాడు ఆ లెక్కలో కనపడరు. ఒక బడి విషయంలో సూరత్ కార్పొరేషన్ గుర్తించినదాన్ని ఆరోగ్య విధానం కూడా గుర్తించాలి: మనిషి ఉన్న రాష్ట్రం వేరు, మనిషి మాట్లాడే భాష వేరు. మెయిన్స్ జవాబులో 'ముందడుగు' కింద ఇది రాయండి. హైబ్రిడ్ అన్న మాటకంటే బరువైనది.

రెండో ప్రశ్న చాటు. మగ్గం పని పన్నెండు గంటల షిఫ్టు. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తండ్రి పగలు ఆ ఒక్క గదిలోనే నిద్రపోతాడు. తల్లి ఆ గదిలోనే చీరలకు లేసు కుడుతుంది, స్టోన్ అంటిస్తుంది. పిల్ల ఎక్కడ కూర్చుని మనసు విప్పాలి?

2021లో మా చిన్నాయన కొడుకు పదో తరగతి. నిద్ర పట్టేది కాదు, పుస్తకం తెరిస్తే చేతులు వణికేవి. ఎవరో చెప్పగా ఫోన్‌లో కౌన్సెలింగ్ పెట్టించాం. ఫోన్ చిన్నాయనది. వాడు దాన్ని పట్టుకుని మిద్దె మీదికి వెళ్లేవాడు. నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి, చుట్టూ మగ్గాల చప్పుడు, పక్క మిద్దె మీద బట్టలు ఆరేసే ఆడవాళ్లు. రెండో వారం అడిగాను, ఏం మాట్లాడారని. "ఏం లేదన్నా, అన్నిటికీ హా జీ అన్న. గట్టిగ చెప్తే అందరూ వింటరు, మెల్లగ చెప్తే ఆమెకు వినపడ్తలేదు" అన్నాడు. అవతల ఉన్నావిడ మంచిదే, "బేటా, బేటా" అంటూ ఓపిగ్గా మాట్లాడేది. వాడికి లేనిది ఒక తలుపు.

క్లినిక్ బలం ఇదే. అది నేర్పే పద్ధతులకంటే ముందు అది ఇచ్చేది మూసుకునే తలుపు, ఒక గంట నిశ్శబ్దం. కానీ దాని కోసం పెద్దవాళ్లెవరైనా ఒక పూట కూలి వదులుకుని వెంట రావాలి. వెంట వచ్చిన పెద్దాయన ఆ గదిలోకి కూడా వస్తాడు. డోరా తండ్రిలా.

మూడో ప్రశ్న, అదే మనిషి. ఇక్కడ మన వ్యాసాలు మూడు వేర్వేరు పనులను ఒకటిగా కలిపేస్తున్నాయి. హెల్ప్‌లైన్ వేరు, డాక్టరు సంప్రదింపు వేరు, థెరపీ వేరు. హెల్ప్‌లైన్ ఆ రాత్రి గట్టెక్కిస్తుంది. రేపు కాల్ చేస్తే ఇంకొకరు ఎత్తవచ్చు. థెరపీ అంటే వారం వారం అదే మనిషితో కట్టుకునే నమ్మకం. ఎదురెదురు వైద్యం కూడా ఈ పరీక్షలో సులభంగా నెగ్గదు. బోధనాసుపత్రి ఓపీలో ఈ నెల చూసిన జూనియర్ డాక్టరు వచ్చే నెల వేరే డ్యూటీలో ఉంటాడు. ఆన్‌లైన్ వేదికలో అయినా, ఆసుపత్రిలో అయినా మనిషి మారిపోతే పిల్లవాడు మొదటి నుంచి తన కథ మళ్లీ చెప్పాలి. పదిహేనేళ్లవాడు రెండుసార్లు చెప్పడు.

చట్టం ఎటువైపు

2020 మార్చి 25, లాక్‌డౌన్ మొదలైన రోజే టెలీమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి. డాక్టర్లు ఫోన్‌లో, వీడియోలో వైద్యం చేయడానికి స్పష్టమైన నియమాలు అప్పుడే ఏర్పడ్డాయి. అందులో ఒక నిబంధన ఉంది: మైనర్ అయితే గుర్తింపు నిర్ధారించిన పెద్దవారు పక్కన ఉంటేనే సంప్రదింపు. జ్వరానికి ఇది మంచి రక్షణ. పదహారేళ్ల అమ్మాయి తన బాధకు కారణం ఇంట్లోనే ఉంటే, ఆ నిబంధన ఆమె నోరు మూస్తుంది. అలాగని తీసేయమని నేను అనను. తెర అవతల ఉన్నది నిజంగా డాక్టరేనా అని పిల్లలు ఎలా తెలుసుకుంటారు? ఈ మార్గదర్శకాలు రిజిస్టర్డ్ డాక్టర్లకే వర్తిస్తాయి. 'కౌన్సెలర్' అని పేరు పెట్టుకుని యాప్‌లో కూర్చునేవారిలో చాలామంది ఆ పరిధిలోకి రారు. క్లినికల్ సైకాలజిస్టులకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ నమోదు ఉంది. మిగిలినవారి సంగతి 2021 అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం అమలు మీద ఆధారపడి ఉంది.

2017 చట్టం 23వ సెక్షన్ రోగి రహస్యాన్ని కాపాడమంటుంది. 15వ సెక్షన్ మైనర్‌కు చట్టబద్ధ సంరక్షకుణ్నే నామినేటెడ్ ప్రతినిధిగా నిలబెడుతుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 9వ సెక్షన్ 18 ఏళ్లలోపు వారి డేటాకు తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. మూడూ మంచి ఉద్దేశంతోనే రాసినవి. మూడూ కలిస్తే కౌమారుడికి తల్లిదండ్రులకు తెలియకుండా సాయం అడిగే దారి బాగా ఇరుకవుతుంది. ఎథిక్స్ పేపర్లో స్వయంప్రతిపత్తి, రక్షణ మధ్య ఘర్షణకు ఉదాహరణ అడిగితే వేరే వెతుక్కోనక్కర్లేదు.

ఇక పరీక్షల ఒత్తిడి. తెలుగు రాష్ట్రాలకు ఇది పాత గాయం. ఇంటర్ విద్యార్థుల ఆత్మహత్యల మీద ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే నీరదారెడ్డి కమిటీ వేశారు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. 2025 జులై 25న సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న పదిహేడేళ్ల విద్యార్థిని మరణం కేసులో, మానసిక ఆరోగ్యం 21వ అధికరణంలో భాగమని చెబుతూ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా దేశమంతా అవి అమల్లో ఉంటాయి. వంద, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. అంతకంటే చిన్నవి బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. టెలీ-మానస్ నంబరు హాస్టళ్లలో, తరగతుల్లో పెద్ద అక్షరాలతో కనపడాలి. కోచింగ్ కేంద్రాలుగా కోర్టు పేరుపెట్టి చెప్పిన నగరాల్లో హైదరాబాద్ ఉంది, కోటా ఉంది, సీకర్ ఉంది. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైన అదే సీకర్.

కోర్టు చేసిన పనిని గమనించండి. మనిషిని బడిలో పెట్టమంది, నంబరును గోడ మీద పెట్టమంది. 1098లో చూసిన గొలుసే మళ్లీ వచ్చింది. సూరత్ పేరు ఆ జాబితాలో లేకపోయినా, ఆ జాబితా పేర్లకే పరిమితం కాదని కోర్టే చెప్పింది. ఇక్కడ ట్యూషన్ క్లాసులు ఏ స్థాయిలో ఉన్నాయో 2019 మే 24 దేశమంతా చూసింది. సర్థాణాలోని తక్షశిల ఆర్కేడ్ అగ్నిప్రమాదంలో చనిపోయిన 22 మందిలో ఎక్కువమంది క్లాసుకు వచ్చిన కౌమారులు. సూరత్ పిల్లలు సాయంత్రాలు గడిపేది అలాంటి మేడల్లోనే, సాయం కూడా అక్కడికే వెళ్లాలి.

నన్నడిగితే లింబాయత్‌లో చేయాల్సింది పెద్ద ఖర్చు పని కాదు. తెలుగు మాధ్యమ బడిలో సాయంత్రం ఖాళీగా ఉండే ఒక గది, దానికి గడియ పడే తలుపు. ఢిల్లీ, బీహార్ తరహాలో శిక్షణ ఇచ్చిన ఒక స్థానిక తెలుగు గ్రాడ్యుయేట్, టీచర్ కాని మనిషి. మొదటి పరిచయం ఆ గదిలో ఎదురుగా. ఆ తర్వాత అవసరమైనవారికి అదే గదిలోంచి, బడి కంప్యూటర్ మీద, తెలుగు థెరపిస్టుతో వారానికొక గంట, ప్రతిసారీ అదే థెరపిస్టుతో. ప్రాణాపాయం ఉన్నట్టు అనిపిస్తే తెరను నమ్ముకోకుండా స్మిమేర్‌కో న్యూ సివిల్‌కో ఆ గ్రాడ్యుయేటే వెంట తీసుకెళ్లాలి. ఎనిమిదో తరగతి దాటి వేరే మాధ్యమానికి వెళ్లినవారికి కూడా ఆ గది తెరిచే ఉండాలి. అసలు అవసరం వాళ్లకే ఎక్కువ.

మా చిన్నాయన కొడుకు నాలుగో సెషన్ తర్వాత ఫోన్ కౌన్సెలింగ్ మానేశాడు. ఆ తర్వాత వాడు మాట్లాడింది మగ్గం రిపేరు చేసే ఒక తెలుగు తాతతో, కార్ఖానా పక్క చాయ్ బండి దగ్గర. ఇప్పుడు ఐటీఐ చేస్తున్నాడు.

ఈ వారం సాధన ప్రశ్న: "అంతర్రాష్ట్ర వలస కుటుంబాల కౌమారులకు మానసిక ఆరోగ్య సేవలు అందించడంలో భాష పాత్రను టెలీ-మానస్ నేపథ్యంలో విశ్లేషించండి." 250 పదాలు, 15 మార్కులు. ఆదివారంలోగా రాసినవారి జవాబులు చదువుతాను. మీలో ఎవరికైనా ఈ అంశం జవాబు కాకుండా సొంత కష్టంగా ఉంటే, ప్రశ్న పక్కన పెట్టి ముందు 14416కు కాల్ చేయండి.